కండల కారు, బొంతల బల్ల

వెండెల్ క్రౌటర్‌కి అబద్ధమాడటం చేతకాదు. చేతకాదని ఊరుకుంటే గొడవే లేదు. చేతకాని పనులన్నీ ముందు ఇంట్లోనే చేసి చూసుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. గోడలకి రంగు అలాగే వేశాడు, పెరటి మెట్లు అలాగే కట్టాడు, భార్య ఆర్డిస్‌తో అబద్ధం కూడా అలాగే ఆడాడు.

తగువంతా గ్యారేజీ గురించే. ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య వాళ్లుండే ఊళ్లో ఇళ్లు విశాలమే గానీ, క్రౌటర్ల గ్యారేజీలో మాత్రం ఒక్కదానికే చోటు. ఆ చోటులో తొమ్మిదేళ్లుగా వెండెల్ కారు ఉంది. ఆ తొమ్మిదేళ్లలో కారు "ఉంది" అన్నవాళ్లే గానీ "నడిచింది" అన్నవాళ్లు లేరు.

అరవైతొమ్మిది నాటి కారు. పొడుగు ముక్కు, పొట్టి తోక, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. అలాంటివాటిని కండల కార్లంటారు. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో చేరిన కొత్తలో, పంతొమ్మిదేళ్ల వయసులో కొన్నాడు. ఆర్డిస్‌ని మొట్టమొదటిసారి సినిమాకి తీసుకెళ్లింది అందులోనే. కవలపిల్లలు పుట్టాక అమ్మేశాడు. ముప్పై నాలుగేళ్ల తర్వాత అదే కారు ఒక రైతు కొట్టం వెనక కనబడింది. వెనక సీటులో కోడి ఒకటి గుడ్లు పొదుగుతోంది. వెండెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడి పొడిచినందుకని ఆర్డిస్ అంటుంది గానీ, అది నిజం కాదు. ఆయనకి ఆ కారంటే ప్రాణం.

ఆర్డిస్‌కి బొంతలంటే ప్రాణం. ముప్పై ఏళ్లు బడిపిల్లలకి వండిపెట్టి రిటైరయిన రోజునే, బొంతలు కుట్టే పన్నెండడుగుల మిషను తెప్పించుకుంది. పదకొండు పెట్టెల్లో వచ్చి అది భోజనాల గదిలో కూర్చుంది. ఏప్రిల్ నుంచి మొగుడూ పెళ్లాలిద్దరూ వంటింట్లో నిలబడి తింటున్నారు.

సెప్టెంబరు మొదటి సోమవారం నాడు ఆర్డిస్ ఫోర్కు కింద పెట్టింది.

"వెండెల్, మొదటి మంచు పడేలోగా ఆ కారు తన కాళ్ల మీద తాను బయటికి నడవాలి. నడిచిందా, పక్కన రేకుల పంచ కింద పెట్టుకో. నడవలేదా, మీ తమ్ముడు డ్వైట్‌కి ఇచ్చెయ్. ఎటైనా గ్యారేజీ నాది."

"డ్వైట్‌కా! వాడు దానికి ఊదారంగు వేస్తాడు!"

"వేస్తాడు. వేసి నడుపుతాడు."

"ఇంకేం మిగిలింది ఆర్డిస్, చిన్న అతుకు! ఒక్క చిన్న అతుకు!"

చిన్న అతుకు సంగతేమిటో చూద్దామని మర్నాడు కారు కింద దూరి, స్క్రూడ్రైవరు పెట్టి పొడిచాడు. స్క్రూడ్రైవరు పిడి దాకా లోపలికి పోయింది. ఇంకోచోట పొడిచాడు. అక్కడా పోయింది. ఈ కార్లకి ముందు చక్రాల దగ్గరొక చట్రం, వెనక చక్రాల దగ్గరొక చట్రం ఉంటాయి. ఆ రెంటినీ కలిపేది మధ్యనున్న రేకు నేల ఒక్కటే. ఆ నేలంతా తుప్పు. ఇంజను ఒక్కసారి గర్జించిందంటే ముందు సగం వెళ్లిపోతుంది, వెనక సగం ఇంటి దగ్గరే ఉంటుంది. కండలకేం లోటు లేదు, ఎముకలే లేవు.

దానికి మందు ఒక్కటే. పాత నేల కోసేసి, ముందు చట్రం నుంచి వెనక చట్రం దాకా రెండు ఇనుప దూలాలు వేసి, వాటి మధ్య అడ్డకమ్ములు అతకాలి. అంటే ఇంటికి బోలెడంత ఇనుము రావాలి. ఇంత ఇనుము చిన్న అతుకుకేనా అని ఆర్డిస్ అడిగిందంటే, డ్వైట్ ఆ సాయంత్రమే ఊదారంగు డబ్బాతో దిగుతాడు.

వెండెల్‌కి అప్పుడొచ్చింది ఆలోచన.

"ఆర్డిస్, నీ మిషనుకి కింద స్టాండు లేదు కదూ?"

"లేదు. అది విడిగా కొనుక్కోవాలి."

"కొనడమేంటి, నేను బతికుండగా! నేనే చేస్తాను. గట్టి ఇనుముతో. నీ మనవరాళ్లు కూడా దాని మీదే కుట్టుకోవాలి."

ఆర్డిస్ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. నలభై ఆరేళ్ల కాపురంలో ఆవిడ అడగకుండా ఆయన చేస్తానన్న మొదటి పని ఇదే.

"ఇనుము దుకాణానికి నువ్వే ఫోన్ చెయ్యి. నాకు ఎడమ చెవి వినబడదు కదా" అని కొలతల చీటీ ఆవిడ చేతిలో పెట్టాడు. ఫౌండ్రీ మోత ఆయన చెవి ఒకటే తీసుకుంది. ఆ చీటీ ఆవిడ చేతికే ఇచ్చాక, తెలివి కూడా తీసుకుందేమో అని మనకి అనుమానం రావాలి. ఆర్డిస్ చీటీ అంతా చదివింది, ఫోన్ చేసింది, చీటీ మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

ఇనుము వచ్చింది. వెండెల్ ఇంజను దించేశాడు, సీట్లు ఊడబీకాడు, చక్రాలు తీసేశాడు. మిగిలిన డొల్లని ముందు చివర రెండు జాకీ స్టాండ్ల మీద, వెనక చివర రెండు స్టాండ్ల మీద నిలబెట్టాడు. మధ్యలో ఏమీ పెట్టలేదు. పెడితే తాను దూరడానికి చోటెక్కడిది? దూరి, పాత నేల మొత్తం కోసేశాడు.

ఆర్డిస్‌కి ఆ వారమంతా గ్యారేజీలో పనులే. వచ్చినప్పుడల్లా చేతిలో కాఫీ, నోట్లో ఒక ప్రశ్న.

"నా స్టాండు కాలు ఇక్కడ వంకర తిరిగిందేంటి?"

"అదా... నువ్వు కూర్చుంటే మోకాళ్లు తగలకుండా."

"ఆ మిషను మీద నిలబడి కుడతారు వెండెల్."

"నిలబడితే మోకాళ్లు ఉండవా?"

"ఓహో" అని వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది.

"నా స్టాండు నీ కారు కిందెందుకుంది?"

"నీడపట్టున ఉంటే ఇనుము వంకరపోదు."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వెండెల్ ముందు వాడు సత్య హరిశ్చంద్రుడు. ఆర్డిస్ ఈసారి కూడా "ఓహో" అంది గానీ, వెళ్లేముందు కారు పక్కన వంగి, తల ఒకవైపు వాల్చి, తలుపు అంచు వెంట ఉన్న సందుని చాలాసేపు చూసింది. ఏదో అడగబోయి మానేసింది.

పక్కింటి ఓటిస్ కూడా ఒకసారి వచ్చాడు. లారీల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు వెల్డింగ్ చేసిన మనిషి. మాటలు పొదుపు. ఏడాదికి సరిపడా మాటలు జనవరిలోనే వాడేసినట్టు, మిగతా నెలలన్నీ "హూఁ" తోనే గడుపుతాడు. ఆ రోజు మాత్రం ఒక పూర్తి వాక్యం ఖర్చుపెట్టాడు.

"తలుపుల గుమ్మాలు ముడుచుకోకుండా అడ్డ ఆపులు అతికావా?"

"ఎందుకు? తలుపులతో నాకేం పని? నేను చేసేది నేల."

"హూఁ" అని ఓటిస్ ఇంటికెళ్లిపోయాడు.

శనివారం ఉదయం పదింటికి ఆఖరి అతుకు పడింది. రెండు పొడుగు దూలాలు, నాలుగు అడ్డకమ్ములు. వెండెల్ వెనక్కి జరిగి చూసుకున్నాడు. చూస్తుంటే ఆయన గుండె నిండిపోయింది. కొత్త నేల రేకు ఇంకా వెయ్యలేదు గానీ, ఒక్కసారి లోపల కూర్చోవాలనిపించింది. దూలాల మీద ఒక పలక వేసుకుని, అడ్డకమ్ముల సందుల్లోంచి కాళ్లు కిందికి వదిలి కూర్చున్నాడు. రెండు చేతుల్తో లేని స్టీరింగు తిప్పాడు. నోటితోనే ఇంజను మోత మోగించాడు. వేడుక పూర్తి కావాలని తలుపు లాక్కున్నాడు. అది పూర్తిగా పడలేదు. ఇంకాస్త బలంగా లాగాడు. ఈసారి పడింది.

తర్వాత తెరుద్దామంటే రాలేదు.

అటువైపు తలుపు తోశాడు. అదీ రాలేదు. అద్దాలు దించుదామంటే, వాటిని తిప్పే పిడులు శుభ్రం చేయడానికి తానే ఊడదీసి కాఫీ డబ్బాలో వేశాడు. డబ్బా బయట అరమీద ఉంది. కిందనుంచి జారుకుందామంటే తానే అతికిన అడ్డకమ్ములు. కాళ్లు దూరాయి, పొట్ట దూరలేదు. అతుకులు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి, ఒక్కటీ కదల్లేదు.

సరిగ్గా అప్పుడే గ్యారేజీ తలుపు పైకి లేచింది. ఆర్డిస్ నిలబడి ఉంది. ఆవిడ వెనక ఊరి బొంతల సంఘం, ఎనిమిది మంది ఆడవాళ్లు, చేతుల్లో ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' పళ్లాలతో.

"రండి రండి. మా ఆయన నాకోసం చేసిన స్టాండు చూద్దురు గాని" అంది ఆర్డిస్.

ఆడవాళ్లు చూశారు. వాళ్లకి స్టాండు కనబడలేదు. ఒక కారు, దాని కింద ప్యాంటు వేసుకున్న రెండు కాళ్లు కనబడ్డాయి. సంఘం అధ్యక్షురాలు మావిస్ వంగి కాళ్లని చూసి, లేచి అద్దంలోంచి ముఖాన్ని చూసి, రెండూ ఒకరివేనని నిర్ధారించుకుంది.

"గుడ్ మార్నింగ్ వెండెల్."

దొంగకి తేలు కుట్టినట్టయింది వెండెల్‌కి. లోపలి నుంచే చెయ్యి ఊపాడు.

ఆర్డిస్ అద్దం దగ్గరికొచ్చింది. "స్టాండు ఎక్కడ వెండెల్?"

"కొంచెం... కూర్చుని ఉన్నాను దాని మీద."

"దాని మీదా, దానిలోనా?"

అద్దానికి ఆవిరి పట్టింది.

ఇక అరుస్తుందనుకున్నాడు. ఆర్డిస్ అరవలేదు. మెళ్లో ఎప్పుడూ వేలాడే కొలత టేపు తీసింది. "మావిస్, ఈ కొస పట్టుకో" అని నేలమీద చాప పరిచి, కారు కిందికి తల పెట్టింది. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకి కొలిచింది. తర్వాత ముందు కుడి నుంచి వెనక ఎడమకి. లేచి మోకాళ్లు దులుపుకుంది.

"ఐమూలలు రెండూ కలవాలి కదా? ముప్పావంగుళం తేడా ఉంది."

ఆడవాళ్లందరూ ఒక్కసారి "అయ్యయ్యో" అన్నారు. ఎవరో పోయారని విన్నా అంత బాధగా అనరు.

"బొంతలో అర్ధపావు అంగుళం తేడా వస్తేనే మొత్తం విప్పేస్తాం" అంది మావిస్, కాళ్ల వంక జాలిగా చూస్తూ.

"మీరు కచ్చా కుట్లు వెయ్యకుండానే గట్టి కుట్టు వేసేశారా?" అని అడిగింది ఇంకొకావిడ. కాళ్లు సిగ్గుపడి ఒకదాని మీదొకటి వేసుకున్నాయి.

ఓటిస్‌ని పిలిచారు. అతను జాకీ తెచ్చి, కారు నడిమధ్య తలుపు గుమ్మం కింద పెట్టి, నాలుగు తిప్పులు తిప్పాడు. టక్‌మని తలుపు తెరుచుకుంది. జాకీ దించాడు. తలుపు మళ్లీ బిగిసింది. అందరికీ అర్థమయ్యేలా రెండుసార్లు చేసి చూపించాడు. ఆడవాళ్లు ఇంకోసారి చూపించమన్నారు. మూడోసారీ చేశాడు. అప్పుడు గానీ లోపలి మనిషిని దింపాలని ఎవరికీ గుర్తురాలేదు.

"అంటే ఏమైనట్టు?" అని అడిగింది ఆర్డిస్, నిజంగానే తెలుసుకోవాలని.

"రెండు చివర్లే ఎత్తి పట్టాడు. మధ్యలో నేల కోసేశాడు. డొల్ల వేలాడబడింది. వేలాడినదాన్ని అలాగే అతికేశాడు" అన్నాడు ఓటిస్. క్రిస్మస్‌కని దాచుకున్న మాటలన్నీ అయిపోయినట్టున్నాయి, వెంటనే ఆపిల్ పై ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

ఆడవాళ్లు వెళ్లాక వెండెల్ తిరగేసిన బాల్చీ మీద కూర్చున్నాడు. డ్వైట్‌కి ఫోన్ చేస్తుందనుకున్నాడు. ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది.

"నీతో అబద్ధమాడాను ఆర్డిస్."

"ఎప్పుడు?" అంది ఆవిడ అమాయకంగా. "సరే, అది పోనీ. దీన్ని మళ్లీ వంకర పోకుండా పట్టి ఉంచాలంటే ఏం కావాలి?"

"సమంగా ఉండే బల్ల కావాలి. ఇనుప బల్ల. దానిమీద డొల్లని కూర్చోబెట్టి, అంగుళం అంగుళం బిగించి, అప్పుడు కోసి అతకాలి. అంత బల్ల ఎక్కడ దొరుకుతుంది?"

"ఎంత పొడుగు ఉండాలి?"

"పన్నెండడుగులు. వెడల్పు నాలుగున్నర."

"అలాగా?" అని ఆర్డిస్ ఏప్రన్ జేబులోంచి పెన్సిలు తీసింది. "మరి చెయ్యి. మంచు పడటానికి రెండు నెలలుంది. డ్వైట్ సంగతి నేను చూసుకుంటాను."

వెండెల్‌కి చెవులు రెండూ వినబడనట్టయింది. ఇలాంటి భార్య ఎవరికి దొరుకుతుంది?

"ఎత్తు మోకాలి దాకా చాలు" అన్నాడు.

"మోకాలి దాకా అయితే రోజంతా వంగాలి. నీ నడుము సంగతి నాకు తెలీదా? పైకి పెట్టు" అని, నేలనుంచి మోచేతి దాకా టేపు పెట్టి కొలిచి రాసిచ్చింది. కొలిచింది తన మోచేయి, ఆయనది కాదు. ప్రేమ పొంగినప్పుడు మనిషికి ఇలాంటి చిన్న తేడాలు కనబడవు.

ఈసారి వెండెల్ పని చూడాలి. ప్రాణం పెట్టి చేశాడు. నాలుగు మూలలా రసమట్టం పెట్టాడు. ఒక అతుకు ఇటు వేస్తే, ఎదురు మూలన ఇంకోటి వేశాడు. ఎలా వెయ్యాలో ఆర్డిస్ పాత గుడ్డ మీద గుండుసూదులు గుచ్చి చూపించింది. ముందు ఈ మూల, తర్వాత ఆ మూల, ఆ తర్వాత మధ్యన, అన్నీ చుక్కల్లా పడ్డాకే గట్టి కుట్టు. "ఇనుమైనా గుడ్డైనా ఒకేచోట లాగితే ముడుచుకుంటుంది" అంది. వెండెల్ కొలిచాడు. పన్నెండడుగుల తొమ్మిదిన్నర అంగుళాల మీద కాస్త. రెండో ఐమూల కొలిచాడు. అదే. నమ్మకం లేక మూడుసార్లు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఈ రెండు పొడుగు అంచుల్లో ఆరేసి బెజ్జాలు వెయ్యి" అంది ఆర్డిస్, ఒక కాగితం ఇచ్చి.

"ఎందుకు?"

"పట్టీలు కట్టి బిగించడానికి పనికొస్తాయి."

"నీకు మెకానిక్ బుర్ర ఉంది ఆర్డిస్!"

"అంచులు నున్నగా అరగదియ్యి. చెయ్యి కోసుకుంటావు. రంగు కూడా వెయ్యి, తుప్పు పడుతుంది."

"బల్లకి రంగా? ఏం రంగు?"

"లేత నీలం బాగుంటుంది."

వెండెల్ వేశాడు. రెండు పూతలు వేశాడు.

ఓటిస్ ఇంజన్లు ఎత్తే చిన్న క్రేన్లు రెండు తెచ్చాడు. డొల్ల బల్లెక్కింది. గుమ్మాలకి అడ్డ ఆపులు పడ్డాయి. ముందు అతికిన దూలాలు కోశారు. నడుము కింద ఆసరా దొరగ్గానే కారు నిట్టూర్చినట్టు తిన్నగా అయింది. కొత్త దూలాలు ఎక్కాయి, అడ్డకమ్ములు ఎక్కాయి, కొత్త నేల పడింది. ఆపులు తీసేసి వెండెల్ తలుపు వేశాడు. చిన్న చప్పుడుతో పడింది. తెరిచాడు. తెరుచుకుంది. రోజంతా వేస్తూ తెరుస్తూనే ఉన్నాడు. భోజనానికి పిలిస్తే ఇంకొక్కసారి అన్నాడు.

డిసెంబరు మొదటివారంలో ఆకాశం బూడిద రంగులోకి తిరిగింది. ఇంజను ఎక్కించిన కారు తన కాళ్ల మీద తాను బయటికి వచ్చింది. గర్జించింది. ముందు సగం కదిలితే వెనక సగం కూడా వెంటే వచ్చింది.

"ఊరంతా ఒకసారి తిప్పుకురా. డ్వైట్ ఇంటి ముందు రెండుసార్లు తిప్పు" అంది ఆర్డిస్.

"నువ్వు రావా? మొదటిసారి నువ్వే కదా కూర్చున్నావు!"

"రేపొస్తాను. ఇవాళ నాకు పనుంది."

వెండెల్ డ్వైట్ ఇంటి ముందు నాలుగుసార్లు తిప్పాడు. తిరిగొచ్చేసరికి గ్యారేజీలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. నేల తుడిచి ఉంది. బొంతల సంఘం ఎనిమిది మందీ ఉన్నారు. పదకొండు పెట్టెలూ ఖాళీగా గోడకి ఆనుకుని ఉన్నాయి. లేత నీలం బల్ల మీద, పన్నెండడుగుల పొడుగునా, మిషను ఎక్కి కూర్చుంది. ఓటిస్ నోట్లో ఆపిల్ పై ముక్క పెట్టుకుని పన్నెండో బోల్టు బిగిస్తున్నాడు. పన్నెండూ వెన్నలో దిగినట్టు దిగాయి.

ఆర్డిస్ మిషను ముందు నిలబడి ఉంది. బల్ల సరిగ్గా ఆవిడ మోచేతి ఎత్తున ఉంది.

వెండెల్ బెజ్జాల వంక చూశాడు, రంగు వంక చూశాడు, నున్నటి అంచు వంక చూశాడు. ఒక్కొక్కటే బుర్రకెక్కింది.

"ఆర్డిస్. నీకెప్పట్నుంచి తెలుసు?"

ఆవిడ ఏప్రన్ జేబులోంచి మడతల చీటీ తీసింది. "ఇనుము దుకాణానికి నాచేత ఫోన్ చేయించావే, ఆ రోజు నుంచి. నువ్వు చీటీ మీద 'ముందు చక్రాల దగ్గర వంపు' అని రాశావు. నా మిషనుకి చక్రాలెక్కడివి వెండెల్?"

"తలుపు సందు తగ్గిపోవడం కూడా చూశావు కదూ?"

"చూశాను. పైన సన్నం, కింద వెడల్పు. అదెందుకలా అయిందో అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది."

"మరి నన్నెందుకు ఆపలేదు?"

"ఆపితే ఏం చేసేవాడివి? సరే, నీ స్టాండే చేస్తాలే అని ఒక పూటలో అతికి పడేసేవాడివి. మన పెరటి మెట్లలాగ." ఆర్డిస్ మిషను చక్రాన్ని మెల్లగా తిప్పింది. సూది చప్పుడు లేకుండా దిగింది. "ఆడదాని మిషను కోసమైతే ఐమూలలు మూడుసార్లు కొలిచేవాడివా?"

వెండెల్ నోరు తెరిచాడు. కొలిచేవాణ్ణనే చెబుదామనుకున్నాడు. ఎనిమిది జతల కళ్లు ఆయన మీదే ఉన్నాయి. అబద్ధమాడటం తనకి చేతకాదని జీవితంలో మొదటిసారి గ్రహించి, నోరు మూసుకున్నాడు.

"హూఁ" అన్నాడు ఓటిస్.

బయట మొదటి మంచు మొదలైంది. వెండెల్ పరుగెత్తాడు, రేకుల పంచ కింద కారు ముక్కు రెండడుగులు బయటికే ఉంది. వెనక నుంచి ఆర్డిస్ వచ్చి టేపు ఒక కొస ఆయన చేతికిచ్చింది.

"పట్టుకో. ముందు నీ కారుకే ఒక బొంత కుడతాను. ఐమూల కొలతలు కూడా కావాలి, సరిగ్గా చెప్పు."

ఆయన సరిగ్గా చెప్పాడు.